ఇన్‌ఛార్జి తుఫాను

విజయనగరం ఊరి చివర, రైల్వే గేటుకి ఇవతల, ఒక టీ బడ్డీ పక్కన బోర్డుంది. దాని మీద పసుపు అక్షరాలతో ఇలా రాసి ఉంటుంది: "స్వేచ్ఛా చక్ర మిత్రమండలి. ఇది సంఘం కాదు. ఇక్కడ నియమాలు లేవు. మోటారుసైకిలూ మంచి మనసూ ఉంటే చాలు. ఎవరైనా రావచ్చు." దాని కింద చిన్న అక్షరాల్లో "సంప్రదించు వేళలు: ఆదివారం ఉదయం 6-00 నుండి 6-20 వరకు మాత్రమే" అని కూడా ఉంటుంది. చిన్న అక్షరాలు చదవకపోవడం మజ్జి జోగినాయుడికి చిన్నప్పట్నించీ ఉన్న అలవాటు.

జోగినాయుడు కాలిపోయిన నీళ్ళ మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేసే మనిషి. రింగురోడ్డులో చిన్న షాపు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంతవరకు ఒకరి చేత మాట పడలేదు. పాత టూస్ట్రోకు బండి ఒకటుంది గానీ దాన్ని ఇంటి నుంచి షాపుకీ, షాపు నుంచి ఇంటికీ తప్ప ఎక్కడికీ తియ్యడు. ఎందుకు తియ్యడో చెప్పాలి. ఎనిమిదేళ్ళ క్రితం భార్య నీలవేణిని వెనక కూర్చోబెట్టుకుని అరకు ఘాటురోడ్డు ఎక్కుతుంటే, ఒక మలుపులో ఇసక మీద బండి జారింది. ఆయన ఒంటి మీద గీత పడలేదు. ఆవిడ భుజం ఎముక విరిగింది. మూడు నెలలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగిన ఆ మహాతల్లి ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. అదే ఆయన్ని తినేసింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాడు. నలుగురు తోడు లేకుండా ఇక కొండ ఎక్కనని ఆ రోజే ఒట్టేసుకున్నాడు.

వాళ్ళిద్దరూ ఆనాడు బయల్దేరింది వలిసె పూలు చూద్దామని. కార్తీకంలో అరకు లోయలో పొలాలకు పొలాలు పసుపు ఆరబోసినట్టు వలిసె పూస్తుంది. నెల రోజులు, మహా అయితే నెలా పది రోజులు. తర్వాత గింజ కోసం కోసేస్తారు. బస్సులో పోదామంటే నీలవేణికి మొదటి మలుపులోనే వాంతులు. పైగా బస్సు మనం చూడాలనుకున్న చోట ఆగదు, కండక్టరుకి టీ దొరికే చోట ఆగుతుంది. ఎనిమిది కార్తీకాలు అలాగే వెళ్ళిపోయాయి. ఈ ఏడు ఆవిడే నోరు తెరిచి అడిగింది.

"నా భుజం ఎప్పుడో బాగుపడిపోనాది కదయ్యా. నీ భయవే ఇంకా బాగుపడలేదు."

ఆ మాటకి జోగినాయుడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు బోర్డు కనిపించింది. దేవుడే రాయించి పెట్టాడనుకున్నాడు పాపం.

కార్తీకం మొదటి ఆదివారం పొద్దున్నే బండి తుడుచుకుని వెళ్ళాడు. టీ బడ్డీ వెనక రేకుల షెడ్డులో బల్ల వేసుకుని పిసుపాటి విశ్వపతిరావు గారు కూర్చున్నారు. ముప్పై నాలుగేళ్ళు ఒక సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆయన పదవి పేరు అనధికార అధ్యక్షులు. మండలిలో ఉన్న ఇరవై ఎనిమిది మందీ ఏదో ఒక ఆఫీసులో పనిచేసినవాళ్ళో, చేస్తున్నవాళ్ళో. ఫైలు లేకుండా తుమ్మడం కూడా వాళ్ళకి చేతకాదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

తాను కూడా మీతో కొండకి వస్తానని, వెనక ఎక్కడో ఓ మూల ఉంటానని జోగినాయుడు చెప్పుకున్నాడు. విశ్వపతిరావు గారు కళ్ళజోడు సర్దుకుని చాలా ఆప్యాయంగా నవ్వారు.

"నాయుడుగారూ, మనది పూర్తిగా అనధికార బృందం. ఆ అనధికారతను కాపాడుకోవాలంటే కొంత కట్టుదిట్టం తప్పదు. కాపలా లేకపోతే ఎవడో ఒకడు లోపలికొచ్చి నియమాలు పెట్టేస్తాడు."

ఆ మాట జోగినాయుడికి సబబుగానే తోచింది. అప్పుడాయన సొరుగులోంచి నాలుగు పేజీల దరఖాస్తు మూడు ప్రతులు తీసి చేతిలో పెట్టారు.

ఇంటికెళ్ళాక మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని ముందేసుకు కూర్చున్నారు. "దరఖాస్తుదారు ఏ తేదీ నుండి సరదాగా ఉంటున్నారు?" అన్నది మొదటి ప్రశ్న. "గతంలో మరెక్కడైనా సరదాగా ఉండి ఉన్నచో, అచ్చటి నుండి విడుదల ఉత్తర్వు జతపరచవలెను" అన్నది రెండోది. "ముఖమునకు గాలి తగిలినపుడు కలుగు భావము (రెండు వాక్యములకు మించరాదు)" అన్నచోట జోగినాయుడు అరగంట ఆలోచించి "చలేస్తుంది" అని రాశాడు. నీలవేణి పడీ పడీ నవ్వింది. చివరి పేజీలో, పై వ్యక్తి సరదా మనిషియని గెజిటెడ్ అధికారి ఎవరైనా ధ్రువీకరించాలని ఉంది.

జోగినాయుడికి తెలిసిన గెజిటెడ్ అధికారి ఒక్కరే, పశువుల డాక్టరు గారు. ఆసుపత్రి బోరు మోటారు రెండుసార్లు చుట్టిచ్చాడు, ఆ పరిచయం. డాక్టరు గారు కాగితం చదివి, అదేదో మామూలే అన్నట్టు, ఒకసారి నవ్వండి అన్నారు. జోగినాయుడు నవ్వాడు. ఆయన దగ్గరికొచ్చి గేదెకి చూసినట్టు పళ్ళు చూసి, కళ్ళ కింద రెప్ప లాగి చూసి, ముద్ర కొట్టారు. ఈ నెలలో మీరు మూడోవారు, మొదటి ఇద్దరూ ఇంకా తిరుగుతూనే ఉన్నారని కూడా చెప్పారు.

రెండో ఆదివారం బిరుదుల కమిటీ కూర్చుంది. మోటారుసైకిలు వాళ్ళకి అమ్మానాన్నలు పెట్టిన పేరు పనికిరాదట, రోడ్డు మీద పిలుచుకోవడానికి వేరే పేరుండాలట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పులి, సింహం, గద్ద, మెరుపు, పిడుగు అన్నీ సీనియారిటీ ప్రకారం ఎప్పుడో అయిపోయాయి. ఎలుగుబంటి మీద ఇద్దరి మధ్య వివాదం నడుస్తోంది. రిజిస్టరులో పేర్లే మిగల్లేదు. తనకు పేరక్కర్లేదని, ఒరే అని పిలిచినా పలుకుతానని జోగినాయుడు బతిమాలుకున్నాడు. అలా కుదరదన్నారు. చివరికి విశ్వపతిరావు గారే మార్గం కనిపెట్టారు. తుఫాను అనే బిరుదున్న సభ్యుడొకాయన నడుం నొప్పితో దీర్ఘకాలిక సెలవులో ఉన్నాడు. ఆయన తిరిగి విధుల్లో చేరేదాకా ఆ బిరుదును అదనపు బాధ్యతగా జోగినాయుడికి అప్పగించవచ్చు. అలా మన జోగినాయుడు "ఇన్‌ఛార్జి తుఫాను" అయ్యాడు. ఇంటికొచ్చి చెబితే నీలవేణి, అసలు తుఫాను వస్తే ఈ తుఫాను ఎక్కడికి పోవాలని అడిగింది. వాయుగుండం కింద మారుస్తారేమో, ఉత్తర్వుల్లో రాస్తారని ఆయన నిజంగానే చెప్పాడు. అప్పటికే ఆ గాలి కొంచెం సోకింది మరి.

మూడో ఆదివారం బండి తనిఖీ. మండలిలో బళ్ళన్నీ చేరిన తేదీ ప్రకారం ఒకదాని వెనక ఒకటి వెళ్ళాలి. ముందున్నవాణ్ణి దాటితే సీనియారిటీ ఉల్లంఘన. అందరికన్నా ముందు వ్యవస్థాపకులు గుమ్మలూరి అచ్యుతరామయ్య గారు, అందరికన్నా వెనక కొత్తగా వచ్చిన జోగినాయుడు. తనిఖీ అధికారి బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, హ్యాండిలుకున్న రెండు అద్దాల దగ్గర ఆగిపోయాడు. అద్దాలెందుకని అడిగాడు. వెనకొచ్చేవాళ్ళు కనపడ్డానికన్నాడు జోగినాయుడు. తనిఖీ అధికారి విశ్వపతిరావు గారి వైపు చూశాడు.

"మీరు చివరి స్థానం కదండీ," అన్నారు విశ్వపతిరావు గారు నెమ్మదిగా, "మీ వెనక ఎవరున్నారని చూస్తారు? లేనివారిని చూడ్డానికి పరికరం పెట్టుకోవడం క్రమబద్ధం కాదు. మీ వెనక ఇంకొకరు చేరిన నాడు తిరిగి ఇచ్చేస్తాం."

రెండు అద్దాలూ విప్పి, కాగితంలో చుట్టి, సీలు వేసి బీరువాలో పెట్టారు. రసీదు మాత్రం అప్పటికప్పుడే ఇచ్చారు. ఆ విషయంలో వాళ్ళని తప్పు పట్టకూడదు.

ఇక ప్రయాణమెప్పుడని అడిగితే, స్వేచ్ఛా చక్రంలో ప్రయాణాలన్నీ ఆకస్మికమేనని, ఆకస్మిక ప్రయాణానికి పదిహేను రోజుల ముందస్తు నోటీసు ఇస్తామని చెప్పారు. నోటీసు వచ్చింది. ఈ లోపల అనంతగిరి నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారు తెచ్చాడు. వలిసె ఎలా ఉందని జోగినాయుడు తీగ చుడుతూ అడిగితే, మంచి పూత మీద ఉంది బాబూ అన్నాడు. పదిహేను రోజులయ్యాక ప్రయాణం వాయిదా పడింది. సభ్యుల్లో ఒకాయన నోటీసు చూసి ఇంట్లో భార్యకి చెప్పాడట, విషయం ముందే పొక్కినందువల్ల ఆకస్మికత దెబ్బతిన్నదట. విచారణ జరిపి మరో వారం తర్వాత పెట్టారు. అదే రైతు మోటారు పట్టుకెళ్ళడానికి వచ్చి, కోతలు మొదలైపోనాయని, వచ్చే ఆదివారం దాకా ఒకటో రెండో చేలు మిగిలితే గొప్పని చెప్పి వెళ్ళాడు. ఆ మాట నీలవేణికి చెప్పడానికి జోగినాయుడికి నోరు రాలేదు. ఆవిడ మాత్రం పసుపు రంగు చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

ఆ ఆదివారం ఉదయం ఆరింటికి టీ బడ్డీ దగ్గర ఇరవై ఎనిమిది బళ్ళు బారు తీరాయి. అందరూ ఒకే రంగు తోలు కోట్లు వేసుకున్నారు. ఎవరి వీపు మీద వాళ్ళ బిరుదు. అందరికన్నా ముందు అచ్యుతరామయ్య గారు తెల్లటి బండి మీద కాళ్ళు రెండు వైపులా నేలకానించి కూర్చున్నారు. అందరికన్నా వెనక జోగినాయుడు, ఆయన వెనక నీలవేణి. విశ్వపతిరావు గారు ఈల ఊదారు. ఇరవై ఎనిమిది ఇంజన్లు ఒక్కసారి మోగాయి. జోగినాయుడి గుండె ఉప్పొంగింది. ఇంతమంది తోడుంటే కొండేమిటి, ఆకాశమైనా ఎక్కొచ్చు అనుకున్నాడు.

పది నిమిషాలైంది. బళ్ళు మోగుతున్నాయి గానీ కదలడం లేదు. ఇరవై నిమిషాలైంది. రైల్వే గేటు పడిందేమోనని జోగినాయుడు మెడ చాచి చూశాడు. గేటు తీసే ఉంది. ఉండబట్టలేక ముందున్నాయన్ని భుజం తట్టి అడిగాడు. ఆయన ఏదో ఆఫీసులో గుమస్తా, బిరుదు మెరుపు. మెరుపు గారు ఓపిగ్గా చెప్పారు. అచ్యుతరామయ్య గారికి మూడేళ్ళ క్రితం రెండు మోకాళ్ళకూ ఆపరేషనైంది, డాక్టరు బండి నడపొద్దన్నాడు. ఆయన నడపరు. ఆయన్ని దాటి ఇంకొకరు వెళ్తే సీనియారిటీ ఉల్లంఘన. ఆయన్ని ఆ స్థానం నుంచి తప్పించే అధికారం ఆయనకన్నా పైవారికే ఉంటుంది, పైవారెవరూ లేరు. అందుకని ప్రతిసారీ అరగంట ఇంజన్లు నడిపి, తర్వాత ఆపి, ఉప్మా తిని, ప్రయాణం విజయవంతమైనట్టు రిజిస్టరులో రాసుకుంటారు.

"మూడేళ్ళుగా గేటు దాటలేదా?" అన్నాడు జోగినాయుడు.

"దాటలేదండి. కానీ ప్రమాదాలు కూడా లేవు," అన్నారు మెరుపు గారు కాస్త గర్వంగా.

జోగినాయుడికి ఏడుపొచ్చినంత పనైంది. నెలా పది రోజులు, మూడు ప్రతులు, గేదె డాక్టరు, బిరుదు, అద్దాలు, అంతా ఉప్మా కోసమా అనుకున్నాడు. వెనక్కి తిరిగి పెళ్ళాం మొహం చూడ్డానికి సిగ్గేసింది. కొండ మీద ఆ మిగిలిన ఒకటో రెండో చేలు కూడా ఈపాటికి కొడవళ్ళ కింద పడుతుంటాయి. ఇప్పటికైనా చెప్పెయ్యాలి, వచ్చే ఏడు చూద్దామని చెప్పెయ్యాలి అనుకుంటుంటే, నీలవేణే ఆయన వీపు మీద వేలితో పొడిచింది.

"మనవు ఆఖర్న ఉన్నాం కదయ్యా. బండి ఇటు తిప్పితే మనవే ముందు."

జోగినాయుడికి ఒక క్షణం అర్థం కాలేదు. ఆవిడే మళ్ళీ చెప్పింది, వెనక్కి వెళ్తే బైపాసు తగుల్తాదని, అటు నుంచి శృంగవరపుకోట రోడ్డే కదా అని. ఎవర్నీ దాటక్కర్లేదు, ఏ ఉల్లంఘనా లేదు. మరి వీళ్ళో అన్నాడు ఆయన. ముందు నువ్వు తిప్పు, తిరిగితే ఆళ్ళూ తిరుగుతారంది ఆవిడ. జోగినాయుడు బండి తిప్పాడు.

బైపాసు ఎక్కేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. వెనక్కి చూద్దామంటే అద్దాలు లేవు, మెడ తిప్పుదామంటే పాత భయం. టూస్ట్రోకు చప్పుడులో, హెల్మెట్టు లోపల, వెనక ఏం మోగుతోందో ఎవరికి తెలుస్తుంది. గట్టిగా అరిచి నీలవేణినే అడిగాడు.

"వస్తన్నారా?"

"వస్తన్నారు. నువ్వు ముందుకి సూడు."

శృంగవరపుకోట దాటాక మళ్ళీ అడిగాడు. అందరూ వస్తున్నారని, ముసలాయన కూడా మెరుపు బండెక్కి వస్తున్నాడని చెప్పింది. జోగినాయుడికి నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది. ఘాటు మొదలైంది. మొదటి మలుపు తిరిగాడు, రెండోది తిరిగాడు. వెనక ఇరవై ఏడుగురు తనని చూసి వస్తుంటే తను తడబడితే ఎలా అని వెన్ను నిటారుగా పెట్టాడు. ఎదురొచ్చిన లారీకి దారిచ్చాడు, వెనకవాళ్ళకి తెలియాలని చెయ్యి చాపి సైగ కూడా చేశాడు.

ఎనిమిదేళ్ళ నాటి మలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం వేగం తగ్గించేశాడు. అక్కడ ఇప్పటికీ రోడ్డు అంచున ఇసకుంది. బండి ఆపేద్దామని బ్రేకు మీద కాలు పెట్టాడు. నీలవేణి ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ఆపీకు. నువ్వాపితే వెనకోళ్ళందరూ మన మీద పడతారు. ఆళ్ళు నిదానంగానే వస్తన్నారు, నువ్వూ నిదానంగా తిప్పు."

ఆయన నిదానంగా తిప్పాడు. టైరు ఇసకని పక్కనపెట్టి తారు మీద వెళ్ళింది. మలుపు వెనకబడిపోయింది. ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద ఉంది, ఒకప్పుడు విరిగిన వైపు చెయ్యే. జోగినాయుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, హెల్మెట్టులో తుడుచుకునే వీలు లేక అలాగే వదిలేశాడు.

లోయలోకి దిగాక చేలన్నీ కోసేసి ఉన్నాయి. ఒకటి, రెండు, పది, అన్నీ మోళ్ళే. ఒక ఊరి పక్కన, ఆలస్యంగా విత్తిన చేను ఒక్కటే మిగిలింది, అరెకరం ఉంటుందేమో, నిండా పూలే. జోగినాయుడు బండి దాని గట్టు పక్కనే ఆపాడు. నీలవేణి దిగి, చెప్పులు విప్పి, గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళి పూల మధ్య నిలబడింది. పసుపు చీరలో చీరేదో చేనేదో తెలియలేదు. అలా చూస్తూనే ఉంది. జోగినాయుడు ఆ సంతోషంలో విశ్వపతిరావు గారిని పిలిచి చూపించాలనుకుని, హెల్మెట్టు తీసి వెనక్కి తిరిగాడు.

రోడ్డు మీద ఒక మేక ఉంది. అంతే.

"ఏరీ?" అన్నాడు.

"గేటు కాడే ఉన్నారు," అంది నీలవేణి, పూల వైపు నుంచి చూపు తిప్పకుండానే. "నువ్వు తిప్పినప్పుడు ఆ మెరుపాయన సూసాడు. ఆయన ముందాయన్ని అడిగాడు. ఆయన ఆ ముందాయన్ని అడిగాడు. ఇంకా అడుగుతానే ఉంటారు."

"మరి వస్తన్నారన్నావు కదే."

"అన్నాను కాబట్టే ఎక్కావు కదేటి."

జోగినాయుడు గట్టు మీద కూలబడ్డాడు. ఘాటంతా ఒంటరిగా ఎక్కాడు. ఇసక మలుపు ఒంటరిగా తిప్పాడు. ఇంతసేపూ చెయ్యి చాపి సైగలు చేసింది ఈ మేకకన్నమాట. ముందు భయమేసింది, తర్వాత నవ్వొచ్చింది, నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాడు. ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం వెలుగుండగానే దిగి వచ్చారు. దిగేటప్పుడు వెనక ఎవరైనా వస్తున్నారా అని ఆయన అడగలేదు.

గురువారం మండలి నుంచి మెమో వచ్చింది, మూడు పేజీలు. ఇన్‌ఛార్జి తుఫాను గారు ముందస్తు అనుమతి లేకుండా వెనుదిరిగిన కారణముగా, వరుసలో ప్రథమ స్థానము ఎవరిదన్న విషయమై గంటన్నర సేపు సందిగ్ధత ఏర్పడినదని; వారి నిష్క్రమణతో మెరుపు గారు చివరి స్థానములోనికి వచ్చి, నిబంధన ప్రకారం అద్దములు అప్పగించవలసి ఉండగా అందుకు నిరాకరించి విలపించినారని; ఉప్మా చల్లారినదని; సదరు తేదీ నాటి ప్రయాణము యథాప్రకారం విజయవంతమైనదిగా తీర్మానించడమైనదని; నిజముగా ప్రయాణము చేసినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు రోజులలోగా మూడు ప్రతులలో సంజాయిషీ ఇచ్చుకొనవలెనని, అట్లు ఇవ్వనియెడల తమ రెండు అద్దములు తిరిగి ఇవ్వబడవని అందులో ఉంది.

జోగినాయుడు షాపులో కూర్చుని దాన్ని రెండుసార్లు చదివాడు. ఈసారి చిన్న అక్షరాలు కూడా చదివాడు. తర్వాత చేతిలో ఉన్న మోటారు పక్కనపెట్టి, షాపు చీటీ ఒకటి చింపి, దాని వెనక పెన్సిలుతో రాశాడు. ఒకటే ప్రతి.

"అయ్యా, అద్దాలు మీరే ఉంచేసుకోండి. వెనక చూడ్డానికి మా ఆవిడ ఉంది."